మా ఇంట్లో ఎవరికీ లేదన్నాను

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?"

ఈ ఒక్క ప్రశ్న నన్ను ఐదుగురు డాక్టర్లు అడిగారు. ఐదుగురికీ లేదనే చెప్పాను. నలుగురు కాగితం మీద చిన్న గీత గీసి తర్వాతి ప్రశ్నకు పోయారు. నేను అబద్ధం ఆడలేదు. నాకు తెలిసిన లెక్క ప్రకారం అది నిజమే. ఆ లెక్కే తప్పని తెలియడానికి ఏడాది పట్టింది. ఇంకా ఆలస్యమై ఉంటే నా మేనకోడలి ప్రాణం మీదికి వచ్చేది. ఇప్పుడు నా ఒంట్లో కాస్త శక్తి ఉంది, చెయ్యి వణకడం తగ్గింది. అందుకని కూర్చొని రాస్తున్నాను.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా నాచారం గ్రంథాలయంలో, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లో. నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ముప్పై ఏండ్లు లేత్ మిషన్ మీద పని చేశాను. డ్రాయింగ్ చూసి ఇనుమును ఆ కొలతకు తిప్పే పని. ఇంజనీర్లు గీసిన డ్రాయింగుల్లో తప్పులు పట్టేవాణ్ణి, అందుకే వాళ్లకు నా ముఖం చూస్తే పడేది కాదు. నా భార్య అండాలు 2004లో పోయింది. కింది గదిలో నేనొక్కణ్ణే ఉంటాను. పైన నా కొడుకు శ్రీను, కోడలు మంజుల, వాళ్ల చిన్నపిల్ల ఉంటారు.

2010, వానాకాలం

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము మొన కింద శనగగింజంత గట్టిది చేతికి తగిలింది. నొప్పి లేదు. మగవాడికి అక్కడ ఏం రోగం వస్తుందిలే అనుకున్నాను. ఎప్పుడో ఇనుపరజను గుచ్చుకొని లోపల గడ్డ కట్టిందేమోనని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అన్నీ చదివానని విర్రవీగే మనిషిని, ఈ ఒక్క సంగతి ఏ పుస్తకంలోనూ వెతకలేదు. సిగ్గు.

చలికాలం గడిచేసరికి మొన లోపలికి గుంజుకుపోయింది. బనియన్ మీద మరక పడడం మొదలైంది. బట్టలు ఉతికే మంజుల ఆ మరక చూసింది. నాతో ఏమీ అనలేదు, శ్రీనుకు చెప్పింది. వాడు కిందికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"నాయినా, బనియన్ ఇప్పు."

"ఎందుకురా?"

"ఇప్పు నువ్వు."

కన్నకొడుకు ముందు బనియన్ విప్పడానికి నా చేతులు రాలేదు. వాడే విప్పాడు. చూసి పైకి పోయాడు. మెట్లు ఎక్కేటప్పుడు వాడి అడుగుల చప్పుడు ఎంత బరువుగా వినబడిందో నాకు ఇప్పటికీ గుర్తే.

2011

దవాఖానాలో నన్ను పంపిన హాలు నిండా ఆడవాళ్లే. బెంచీల మీద, గోడ వారన, కింద చాపల మీద. మగవాళ్లు ఉన్నారు గాని వాళ్లంతా ఎవరికో తోడుగా వచ్చినవాళ్లు. నా పక్కన బీబీనగర్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. తల మీద కొంగు కప్పుకొని ఉంది, కొంగు కింద వెంట్రుకలు లేవు.

"ఎవలికి అన్నా, వదినెకా?"

"నాకే అమ్మా."

ఆమె నవ్వలేదు. ఒక్క క్షణం నా ఛాతీ వైపు చూసి కండ్లు తిప్పుకుంది.

"నాకు తెల్వదు అన్నా. మొగోళ్లకు గూడ వస్తదా?"

"నాక్కూడ ఇప్పుడే తెలిసింది."

కౌంటర్‌లో గుమాస్తా నా పేరు పిలిచి, నేను లేచి నిలబడితే, "పేషెంట్‌ను రమ్మను పెద్దమనిషీ" అన్నాడు. నేనే పేషెంట్‌ను అన్నాను. అతని చేతిలో ఉన్న ఫారం మీద పేరుకు ముందు 'శ్రీమతి' అని అచ్చై ఉంది. దాన్ని కొట్టి 'శ్రీ' అని రాయమన్నాను. "ఏదైతేంది పెద్దమనిషీ" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రాసేదాకా కదలనని నిలబడ్డాను. వెనక వరుసలో ఎవరో గొణిగారు. అప్పుడు బీబీనగర్ ఆమె లేచి, "రాయరాదు సారూ, నీ చేతికేమైన నొప్పి పుడ్తదా" అంది. అతను రాశాడు. ఆమె పేరు నేను అడగలేదు. తర్వాత ఎన్నిసార్లు పోయినా మళ్లీ కనిపించలేదు.

ఆపరేషన్ అయింది. ఎడమ పక్క చదును చేసి కుట్లు వేశారు. లోపల చేరే నీరు దిగడానికి పక్కటెముకల దగ్గర గొట్టం పెట్టి, దానికొక సీసా తగిలించి ఇంటికి పంపారు. గుడ్డసంచిలో ఆ సీసా వేసుకొని పదిహేను రోజులు ఇంట్లోనే తిరిగాను. సంచిలో ఏముందని వీధిలోవాళ్లు అడుగుతారని నేను గేటు దాటలేదు. శ్రీను ముందే చెప్పాడు.

"ఎవలడిగినా ఛాతిల గడ్డ తీసిన్రని చెప్పు. గా పేరు మాత్రం తియ్యకు నాయినా. నాకు ఆడపిల్ల ఉన్నది."

"రోగానికి, ఆడపిల్లకు సంబంధమేంది?"

"రేపు సంబంధాలు జూసేటప్పుడు గీ ఇల్లు గట్లాంటిదంటరు. నీకు తెల్వదా?"

తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

ఆ ఏడాది వానలు తగ్గాక తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె. బస్సులు బంద్, కీమోకు మాత్రం బంద్ లేదు. శ్రీనుకు ఆఫీసులో సెలవు దొరకని రోజు నేనొక్కణ్ణే పోయాను. షేర్ ఆటోలు లేక హబ్సిగూడ దాకా నడిచాను. అక్కడ ఒక పాలవ్యాన్ అతను ముందు సీటులో ఎక్కించుకున్నాడు. సమ్మె గెలవాలని నాకూ ఉంది, అరవై తొమ్మిది ఉద్యమంలో లాఠీ తిన్న ఒళ్లు నాది. అయినా ఆ రోజు వ్యాన్‌లో వాంతి ఆపుకుంటూ, అందరి మీదా కోపంతో కూర్చున్నాను. ఎవరి మీద కోపమో అడిగితే చెప్పలేను.

కీమో సంగతి ఎక్కువ రాయను. అనుభవించినవాళ్లకు చెప్పే పని లేదు, అనుభవించనివాళ్లకు చెప్పినా తెలియదు. నోట్లో ఇనుము నమిలిన రుచి. అన్నం ఉడికే వాసన వస్తే గది తలుపు మూసుకునేవాణ్ణి. మంజుల రాగిజావ గడప దగ్గర పెట్టి, "మామా, చల్లారినంక తాగు" అని పోయేది. మనవరాలిని కిందికి రానిచ్చేవారు కాదు. నాకు ఇన్ఫెక్షన్ సోకుతుందని అన్నారు. నిజమే కావచ్చు. పైనుంచి పిల్ల గెంతే చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో నాకు తెలిసేది. మొత్తం చలికాలమంతా నాకు తోడు అదే.

2012, ఎండాకాలం

మందులు అయిపోయినంక పరీక్షకు పోతే, మగవాడికి వచ్చింది కాబట్టి రక్తంలో వంశం సంగతి చూడాలని ఇంకో గదికి పంపారు. అక్కడ ఒక చిన్నవయసు డాక్టరమ్మ. మాట చూస్తే గుంటూరు వైపు అనిపించింది. తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీస్తోంది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. డ్రాయింగ్ చదివే మనిషిని గదా, నాకు వెంటనే అర్థమైంది.

"మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా సార్?"

"మా ఇంట్లో ఎవరికీ లేదు."

ఆమె గీత గీయలేదు. పెన్సిల్ పట్టుకొని అలాగే చూసింది.

"మీకు అక్కచెల్లెళ్లు లేరా?"

"ఒక అక్క. పోయింది."

"ఎలా పోయారు?"

"కడుపుల నీరు చేరి పోయింది. లోపల గడ్డ అన్నారు."

"మరి లేదన్నారేం సార్?"

"ఆమె మా ఇంటిది కాదు కదమ్మా. పెండ్లయి పోయింది. వాళ్ల ఇంటిపేరు వేరు."

ఈ మాట అంటున్నప్పుడు కూడా నాకు అందులో తప్పు కనిపించలేదు. ఆ పిల్ల నవ్వలేదు, విసుక్కోలేదు. కాగితం మీద నా చతురస్రం పక్కన ఒక సున్నా గీసింది. రెండింటినీ కలుపుతూ పైన గీత గీసింది.

"ఇంటిపేరు మారితే రక్తం మారదు సార్. మీ నాన్నగారికి తోబుట్టువులు?"

అప్పుడు గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేండ్లప్పుడు మా నాయిన చెల్లెలు నర్సమ్మ అత్త పోయింది. కడుపు బానలా ఉబ్బింది, ఎవరో చేతబడి చేశారన్నారు. నాయిన చావుకు పోయి వచ్చి బయటనే నీళ్లు పోసుకొని ఇంట్లోకి వచ్చాడు. మాకు మైల మూడు రోజులే. ఆమె వేరే ఇంటిది గనక. అదే మా చిన్నాయన పోతే పదకొండు రోజులు పట్టాము. చచ్చినవాళ్లను కూడా మేము ఇంటిపేరు చూసి లెక్కపెట్టినవాళ్లం.

డాక్టరమ్మ ఇంకొక సున్నా గీసి దాన్ని నల్లగా నింపింది. తర్వాత అక్క సున్నాను నింపింది. తర్వాత నా చతురస్రాన్ని. మూడు నల్లటి గుర్తులు ఒకే గీత మీద. ముప్పై ఏండ్లు ఇతరుల డ్రాయింగుల్లో తప్పులు వెతికినవాణ్ణి నేను.

రక్తం తీసి వేరే ఊరికి పంపారు. నాలుగు నెలలకు కాగితం వచ్చింది. బీఆర్‌సీఏ రెండు అనే జన్యువులో తేడా ఉందని. నేను లేత్ పని చేశానని తెలుసుకొని ఆ పిల్ల నా భాషలోనే చెప్పింది. "డ్రాయింగులో ఒక కొలత తప్పు పడింది సార్. ఆ డ్రాయింగు నుంచి తీసిన ప్రతి కాపీలోనూ ఆ తప్పు రావచ్చు, రాకపోవచ్చు. బిడ్డలకు సగం అవకాశం. మగవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, మోసుకెళ్లి ముందుకు ఇస్తారు. ఆడవాళ్లకు రొమ్ములోనూ, అండాశయంలోనూ వచ్చే అవకాశం మామూలు కన్నా బాగా ఎక్కువ. రొమ్ముదైతే చేతికి తగులుతుంది. అండాశయంలోది కడుపు ఉబ్బేదాకా తెలియదు. మీ అక్కగారికి కూతుళ్లున్నారా?"

"ఒక్కతే. స్వరూప."

"ఆమెకు తప్పకుండా చెప్పాలి."

ఆ పేరు నా నోటితో పలికి పదేండ్లకు పైనే అయింది. ఎందుకో చెప్తాను.

2001లో శ్రీనుకు సంబంధాలు చూస్తున్నాం. మా అక్క సత్తమ్మ తన బిడ్డను ఇస్తానంది. మేనరికం, మాలో మామూలే. స్వరూప చిన్నప్పటి నుంచి శ్రీనును బావా బావా అంటూ మా ఇంట్లో తిరిగిన పిల్ల. మాట ఖాయం చేసుకుందామని అక్క మమ్మల్ని ఉప్పల్‌కు పిలిచి కోడికూర వండింది. నేను ఆ రోజుల్లో వంశపారంపర్యం గురించి ఒక పాత పుస్తకం చదివి ఉన్నాను. చదివింది నలుగురిలో చెప్పకపోతే నాకు అన్నం అరగదు. చేతిలో ముద్ద పట్టుకొనే అన్నాను, "గా రక్తం గీ రక్తం కలవొద్దు. కలిస్తే గుడ్డోళ్లు, అవిటోళ్లు పుడ్తరు. సైన్స్ చెప్తున్నది." స్వరూప చారు గిన్నె పట్టుకొని పక్కనే నిలబడి ఉంది. అక్క భర్త కొమురయ్య బావ ఎంగిలిచేత్తోనే లేచిపోయాడు. అండాలు దారి పొడుగునా ఏడ్చింది. నేను మాత్రం గెలిచినట్టే ఇంటికి వచ్చాను.

2005లో అక్క పోయింది. చావుకు పోయాను. దూరంగా నిలబడి, ఎవరితో మాటలేకుండా తిరిగి వచ్చాను. నాచారం నుంచి ఉప్పల్ చిలకానగర్‌కు షేర్ ఆటోలో పది నిమిషాలు.

ఆ రోజు డాక్టరమ్మ గదిలో ఇదంతా చెప్పి నేను అడిగిన మొదటి మాట ఏమిటో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "అయితే నేను మేనరికం వద్దన్నది మంచిదే గదమ్మా?" అన్నాను. ఆమె కాగితాలు సర్దుతూ, "అది వేరే లెక్క సార్. ఈ జబ్బు రావడానికి మేనరికం అవసరం లేదు, ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు. ముందు ఆమెకు చెప్పండి" అంది. మూడు నల్లగుర్తులు ముందు పెట్టుకొని కూడా నేను వెతికింది నా గెలుపునే.

ఇంటికి వచ్చి శ్రీనుకు చెప్పాను. నువ్వూ చూపించుకోవాలి, నీకు బిడ్డ ఉంది అన్నాను.

"నేను పోను. నువ్వు గూడ ఉప్పల్ పోవద్దు. గాళ్లు పది మందికి చెప్తరు. అయిపాయె మన ఇజ్జత్."

"స్వరూప చచ్చిపోతేరా?"

"నువ్వు పోయి చెప్తె బతుకుతదా? నీ మాట గాళ్లు ఇంటరా?"

రెండో మాట నిజం. అయినా ఉప్పల్ పోయాను.

తలుపు తీసింది స్వరూప భర్త యాదగిరి, ఇల్లరికం అల్లుడు. మేము విడిపోయినంక అయిన పెండ్లి, నన్ను ఎన్నడూ చూడలేదు.

"ఎవలు గావాలె?"

"స్వరూప మేనమామను."

"మేనమామ ఉన్నడని ఎన్నడు చెప్పలె" అన్నాడు, కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

స్వరూప వచ్చింది. అక్క ముఖమే. మంచినీళ్లు ఇచ్చింది, ఆమె మాత్రం కూర్చోలేదు. నేను జేబులోంచి కాగితం తీసి మొదలుపెట్టాను. జన్యువు అన్నాను, క్రోమోజోమ్ అన్నాను, చతురస్రాలూ సున్నాలూ గీశాను. మీ అమ్మ రోగం నీకూ ఉండవచ్చు అన్నాను. అరగంట చెప్పి ఉంటాను. ఆమె అడ్డు రాలేదు.

"అయిపోయిందా మామా?"

"ఆఁ."

"గప్పుడు మా రక్తం మంచిది గాదని సంబంధం వద్దంటివి. గిప్పుడు మా రక్తంల రోగం ఉన్నదని చెప్పనీకి వచ్చినవ్. మమ్ముల జూస్తె నీకు రక్తం తప్ప ఇంకేం కనవడదా?"

లోపలి గదిలోంచి బావ గొంతు. "ఎవలే గది?"

"ఎవల్లేరు నాయినా. దారి తప్పి వచ్చిన్రు."

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్డు తవ్వి పెట్టారు. ఆ దుమ్ములో ఎటు పోవాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. మంచి చెప్పబోతే ఇంత మాటా అని. ఇంటికి వచ్చేదాకా ఆ కోపం తగ్గలేదు.

జావ తెచ్చిన మంజుల నా ముఖం చూసింది. ఉప్పల్ పోయిన సంగతి ఆమెకు ఎలా తెలిసిందో మరి, అడిగింది. చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టి గడపలో కూర్చుంది. మా ఇంటికి వచ్చినంక ఆమె నా గడపలో కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు గాడ పాఠం జెప్పినవ్ మామా. తప్పైందని చెప్పలె."

"రోగం సంగతి చెప్పనీకి పోయిన, తప్పు సంగతి ఎందుకు?"

"నలుగుట్ల అన్న మాట నలుగురి ముంగటనే వాపసు తీసుకోవాలె. గది తీసుకోకుంట నువ్వు ఏం జెప్పినా ఆమెకు గా మాటనే ఇనవడుతది." లేచి పోతూ, "నేను చెప్పిన్నని ఆయనతోని అనకు" అంది.

పెత్తరమాస

బతుకమ్మకు ముందు వచ్చే అమావాస్య. పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. ఆ రోజు కొమురయ్య బావ ఇంట్లో అక్క పేరు తీస్తారు, దగ్గరివాళ్లు భోజనానికి వస్తారు. పిలవకుండానే పోయాను. బియ్యం, కూరగాయలు ఒక సంచిలో పట్టుకున్నాను. వాకిట్లో పది పన్నెండు మంది ఇస్తరాకుల ముందు కూర్చొని ఉన్నారు. అందులో 2001 నాటి వాళ్లు సగం మంది.

బావ నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది. నాకు కనుబొమ్మల వెంట్రుకలు ఇంకా సరిగా రాలేదు.

"ఓ, పండితులు వచ్చిన్రు" అన్నాడు. "లెవ్వుండ్రి అందరు. మన రక్తం ఆయనకు అంటుకుంటది."

ఎవరో నవ్వారు. స్వరూప వంటింటి గడపలో నిలబడి ఉంది. నేను సంచి కింద పెట్టాను. ముందుగా అనుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. అంగీ గుండీలు విప్పి, బనియన్ పైకి ఎత్తాను. ఆడవాళ్లు కొందరు ముఖం తిప్పుకున్నారు. చదునైన ఛాతీ, అడ్డంగా పొడుగు కుట్టు గుర్తు, నల్లబడ్డ చర్మం.

"సూడు బావా. మొగోణ్ణి. నాకు రొమ్ముల క్యాన్సర్ వచ్చింది. మా నాయిన చెల్లె నర్సమ్మకు కడుపుల వచ్చింది, మా అక్కకు కడుపుల వచ్చింది. మీ రక్తం మంచిది గాదని ఆనాడు ఇక్కడనే అన్న. తప్పన్న. రోగం మాది. మా నాయిన ఇంటిది. మీ ఇంట్ల నుంచి మాకు రాలె, మేమే అక్కతోని మీ ఇంటికి పంపినం. స్వరూపకు చూపియ్యి బావా. నీ కాళ్లు పట్టుకుంట."

కాకులకు పెట్టిన ముద్ద మీద రెండు కాకులు కొట్లాడుకుంటున్నాయి. బావ తన ఇస్తరాకు వైపు చూస్తూ ఉన్నాడు. చివరికి యాదగిరితో అన్నాడు.

"ఇంకో ఇస్తరాకు వెయ్యి."

యాదగిరి వేశాడు. అన్నం అతనే వడ్డించాడు, స్వరూప రాలేదు. నాకు రుచి ఇంకా సరిగా తెలియదు, అయినా పెట్టిందంతా తిన్నాను. చెయ్యి కడుక్కునే దగ్గర ఆమె చెంబు పట్టుకొని వచ్చింది. నీళ్లు పోస్తూ ఒక్క మాట అడిగింది.

"అమ్మకు ముందుగాల తెలిస్తే బతుకునా?"

ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఉందని నటించలేదు.

"తెల్వది బిడ్డా."

ఆమె మిగిలిన నీళ్లు నేల మీద వంచేసి లోపలికి పోయింది.

2013

పరీక్ష చేయించుకుందని యాదగిరి ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఉన్న తేడానే ఆమెకూ ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టారు కాబట్టి, జబ్బు రాకముందే అండాశయాలు, వాటి నాళాలు తీసేయడం మంచిదని డాక్టర్లు చెప్పారు. బాగున్న మనిషి కడుపు కోయించుకోవడం ఏందని బావ నెలరోజులు కొట్లాడాడట. ఆమె వినలేదు.

ఆపరేషన్ రోజు నేను కింద హాల్లో కూర్చున్నాను. ఎవరూ రమ్మనలేదు. మధ్యాహ్నం యాదగిరి దిగి వచ్చాడు.

"మామా, నువ్వు పైకి రావద్దన్నది."

"పోనీలే. గీడనే ఉంట."

"తిన్నవా?" అని అడిగి, నా జవాబు వినకుండానే పోయి చాయ్, రెండు బన్నులు తెచ్చి పెట్టాడు. నా పక్కన కూర్చొని తానూ తాగాడు. అంతకన్నా మంచి తోడు నాకు ఆ మూడేండ్లలో దొరకలేదు.

రెండు వారాల తర్వాత తీసినదాన్ని పరీక్ష చేసిన కాగితం వచ్చింది. నాళం కొసన, కంటికి కనబడనంత చిన్నగా క్యాన్సర్ మొదలై ఉందట. ఇంకా ఎక్కడికీ పోలేదు. ఏడాది రెండేండ్లు ఆగితే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ మాట విన్న రోజు దవాఖానా నుంచి బయటికి వచ్చాక ఎవరితోనైనా చెప్పాలనిపించింది. శ్రీనుకు చెప్తే ఎందుకు పోయినవ్ అంటాడు. అండాలు లేదు. వీధిలో చెప్పడానికి వీల్లేదు. హబ్సిగూడ దగ్గర చాయ్ బండి అతనితో, "మా మేనకోడలికి బాగైంది" అన్నాను. "మంచిగైంది పెద్దాయనా" అని చిల్లర చేతిలో పెట్టాడు. అదే నా పండుగ.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. డాక్టర్ మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే, ఆధార్ కార్డు మీది ఇంటిపేరు చూసి జవాబు చెప్పకండి. పెండ్లి చేసి పంపినవాళ్లను లెక్కపెట్టండి. మేనత్తలను, అక్కచెల్లెండ్లను, వాళ్ల బిడ్డలను. చేతబడి అన్నవాళ్లను, నీరు పట్టింది అన్నవాళ్లను, దిష్టి తగిలింది అన్నవాళ్లను. తండ్రి వైపు నుంచి రాదు అనుకోకండి, మగవాళ్లు మోసుకొని తిరుగుతారు. డాక్టర్లకు కూడా ఒక మాట. ఐదుగురిలో నలుగురు నా జవాబు విని గీత గీశారు. ఐదో మనిషి పెన్సిల్ ఆపి ఇంకో ప్రశ్న అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఎంత టైం పడుతుంది?

2014

రాష్ట్రం వచ్చిన ఏడాది. జూన్‌లో వీధి వీధిలో పటాకులు కాల్చారు. అరవై తొమ్మిది నుంచి ఎదురుచూసిన రోజు, నేను గేటు దగ్గర కుర్చీ వేసుకొని చూశాను. శ్రీను మాత్రం ఇంకా పరీక్షకు పోలేదు. నేను అడగడం మానేశాను. అడిగితే గిన్నె విసిరినట్టు మాట్లాడేవాడు.

జులైలో ఒక ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. స్వరూప. ఒక్కతే వచ్చింది. పదమూడేండ్ల తర్వాత మా వాకిట్లో అడుగుపెట్టింది. నేను లేచి నిలబడి కుర్చీ ముందుకు జరిపాను.

"శ్రీను బావ ఉన్నడా?"

"పైన ఉన్నడు."

"పరీక్ష చేయించుకోలేదంట గద."

ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. మంజుల అయి ఉంటుందని నా అనుమానం. స్వరూప చెప్పులు మెట్ల దగ్గర విడిచి పైకి పోయింది. తలుపు తీసిన చప్పుడు, తర్వాత మూసిన చప్పుడు. నేను కుర్చీలోనే ఉండిపోయాను. మాటలు వినబడుతున్నాయి గాని ఏమంటున్నారో తెలియదు. మొదట వాడి గొంతు పెద్దగా. తర్వాత ఆమె గొంతు, పెంచకుండా, ఒకే తీరుగా. అరగంటకు పైనే అయింది.

ఆమె దిగి వచ్చి చెప్పులు తొడుక్కుంది. కండ్లు ఎర్రగా ఉన్నాయి. నా గదిలోకి రాలేదు, కూర్చోలేదు. గేటు గడియ తీస్తూ వెనక్కి చూసింది.

"మామా, రేపు సోమారం పొద్దుగాల ఎనిమిదింటికి దవాఖానల టోకెన్ ఇస్తరు. శ్రీను బావను లేట్ జెయ్యొద్దని చెప్పు."